మొన్నటి మేత

మోచేతి దాకా బకెట్లో ముంచిన చేతులతో ఆమె పేడముద్దను విడదీస్తోంది. పిసకకూడదు. పిసికితే పీచు తెగుతుంది, తెగిన పీచు అబద్ధం చెబుతుంది. రెండు బొటనవేళ్లతో ముద్దను నడిమికి చీల్చి నీళ్లలో వదలాలి. అదంతట అదే విచ్చుకునేదాకా ఆగాలి. ఆ తరువాత రెండు జల్లెడలు. పై జల్లెడ కన్నాలు పెద్దవి, దాని మీద పుల్లలు, బెరడు, పెద్ద గింజలు నిలుస్తాయి. కింది దాని మీద ఆకు తుక్కు, గడ్డి, సన్న విత్తులు. అడుగున తొట్టిలోకి దిగే పచ్చనీళ్లు మొక్కలకి పోతాయి.

ఈ ముద్దను నిన్న పొద్దున ఆమె తమ్ముడి శవానికి పది అడుగుల దూరంలో ఎత్తారు.

తమ్ముడిది అడవి అంచున మొక్కజొన్న చేను. చేను గట్టునే రెండు గదుల రేకుల ఇల్లు. నిన్న తెల్లవారుతుండగా చేలో చప్పుడైతే రేకు డబ్బా, కర్ర పట్టుకుని బయటికి వచ్చాడు. అప్పటికే సగం చేను నేలమట్టం అయింది. డబ్బా కొట్టాడు. ఏనుగు అరవలేదు, చెవులు విప్పలేదు, నేరుగా వచ్చింది. తొండంతో నడుము పట్టి ఎత్తి నేలకేసి కొట్టింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ కొట్టింది. తరువాత మోకాళ్ల మీద వంగి నుదుటితో అదిమింది. జనం వచ్చేసరికి అతని ఛాతీ మెత్తటి మట్టిలోకి జానెడు దిగి ఉంది. చేతిలోని డబ్బా నలిగి పక్కటెముకల్లో దూరింది. ఆమె, ఇంకో ముగ్గురు కలిసి టార్పాలిన్ మీదికి చేర్చబోతే ఒక కాలు విడిగా వచ్చింది. ఆ కాలిని ఆమే తెచ్చి పక్కన సరిగ్గా పెట్టింది.

అడవి పరిశోధనశాల షెడ్డులో ఆమెను జల్లెడక్క అంటారు. ఊళ్లో పేడమ్మ అంటారు. రెండింటికీ పలుకుతుంది. మొదట నేల ఊడవడానికే చేరింది. అప్పట్లో పేడ కడిగే కుర్ర డాక్టర్లు పేరు తెలియని గింజ కనిపిస్తే దాని మీద గంటల తరబడి వాదించుకుని, చివరికి "తెలియదు" అని రాసి పారేసేవాళ్లు. ఆమె ఆ గింజల్ని ఏరుకుని షెడ్డు వెనక పాత డబ్బాల్లో పాతేది. మొలిచి, నాలుగాకులు వేశాక, ఆ ఆకు పట్టుకుని అడవిలో తిరిగి చెట్టును పట్టేది. ఏనుగు కడుపులోంచి బతికి వచ్చిన గింజలు మామూలు గింజలకంటే ముందే మొలుస్తాయని ఆమె అలాగే తెలుసుకుంది. మూడేళ్లలో వంద సీసాలు నింపింది. అక్షరాలు నేర్చుకున్నది ఆ సీసాల మీద చీటీలు రాయడానికే. ఇప్పటికి పందొమ్మిదేళ్లు.

అలాంటి మనిషి నిన్న చేలో, శవం పక్కన, నీళ్లు లేవు, జల్లెడ లేదు, ఒక ముద్దను పొడిచేత్తో విరిచి చూసింది. రేంజరు అడిగాడు. "ఏదక్కా? చెప్పు. పై నుంచి ఫోన్లు."

"ఇందులో ఒక్క మొక్కజొన్న గింజ లేదు. చేను తిన్న ఏనుగు వేసిన పేడ కాదిది. ఇది ఏదో దారిన పోయేది. చంపింది ఒంటిదంతమే."

ఒంటిదంతం అంటే ఆ అంచున పేరుమోసిన దొంగ. ఎడమ దంతం విరిగిన వయసు మగ ఏనుగు. రెండు వారాలుగా ఏదో ఒక చేలో పడుతోంది. ఊరంతా ఆ పేరే అంటోంది. రేంజరు రాసుకున్నాడు. సాయంత్రానికి దాన్ని కాల్చమని ఉత్తర్వు వచ్చింది. రాత్రి బస్సుకి తుపాకాయన దిగాడు.

ఇప్పుడు పై జల్లెడ మీద నిలిచినదాన్ని ఆమె వెలుతురు వైపు తిప్పి చూసింది.

పీచు వేలెడంత పొడుగుంది. వెదురు పేడు లోపలికి ఎలా పోయిందో అలాగే బయటికి వచ్చింది. అరలోంచి ఒంటిదంతం సీసా తీసి పక్కన పోసింది, నాలుగు రోజుల కిందటిది. అందులో పీచు గోరంతే, కత్తిరించినట్టు. మొక్కజొన్న గింజలు నాలుగు ముక్కలై ఉన్నాయి. మంచి పళ్లున్న జంతువు పని అది.

ఏనుగుకి నమిలే పళ్లు జన్మలో ఆరుసార్లు వస్తాయి. ఒకటి అరిగితే వెనక నుంచి ఇంకోటి దాన్ని ముందుకు నెట్టుకొస్తుంది. ఆరోది అరిగాక ఇక రాదు. అప్పుడు దవడ నున్నటి రాయిలా మిగులుతుంది. ఎంత తిన్నా నలగదు, నలగనిది ఒంటబట్టదు. ఈ పేడ అలాంటి ముసలిదానిది.

మరి మొక్కజొన్న ఎందుకు లేదు?

ఎందుకు ఉంటుంది! ఏనుగు తిన్నది బయటికి రావడానికి ఒక పగలూ ఒక రాత్రీ, ఇంకాస్త పైనే పడుతుంది. నిన్న తెల్లవారి రాలిన పేడ మొన్నటి మేత. ఈ షెడ్డులోకి వచ్చిన ప్రతి కొత్తవాడికీ మొదటి రోజు ఆమె చెప్పే మొదటి మాట ఇది. రెండు వారాలుగా మొక్కజొన్న మేస్తున్న ఒంటిదంతం పేడలో మొన్నటి గింజలు ఉండి తీరాలి. ఇందులో లేవు. అంటే చేలో నిలబడి పేడ వేసింది వేరే ఏనుగు. మొన్నటి దాకా చేలమొహం చూడనిది. నిన్నే మొదటిసారి వచ్చి, తిని, చంపి పోయింది.

తడి చేతులు చీరకు తుడుచుకోకుండానే ఆమె రేంజరు గదికి వెళ్లింది.

గేటు బయట రాత్రి జనం తగలబెట్టిన జీపు ఇంకా పొగలు కక్కుతోంది. డ్రైవరు తలకి ఏడు కుట్లు పడ్డాయి. గదిలో కిటికీ అద్దాలన్నీ నేల మీదే ఉన్నాయి. రేంజరు కుర్చీని గోడమూలకి జరుపుకుని కూర్చున్నాడు.

"సార్, నిన్న నేను తప్పు చెప్పాను."

అతను కుర్చీలోంచి సగం లేచాడు. "అక్కా, నువ్వు చెప్తేనే కదా రాశాను! బయట వంద మంది కర్రలతో ఉన్నారు. ఇప్పుడు కాదంటే నా తోలు వలిచి గేటుకి ఆరేస్తారు."

"అసలుది బతికుంటే రేపో ఎల్లుండో అదే చేలోకి వస్తుంది. సగం చేను ఇంకా నిలబడే ఉంది. గట్టు మీద ఇంట్లో నా మరదలు, ఇద్దరు పిల్లలు."

"వాళ్లని అక్కణ్ణించి తీసుకొచ్చేద్దాం."

"ఆ అంచున అరవై ఇళ్లున్నాయి. ఎంతమందిని తెస్తారు?"

రేంజరు మొహం తుడుచుకున్నాడు. "సరే. రుజువు?"

"ఈ రోజు పేడ. నిన్న తిన్న మొక్కజొన్న ఈ రోజు రాలుతుంది. ఆ గింజలూ, ఈ పొడుగు పీచూ ఒకే ముద్దలో దొరికితే ఇంక మాటలక్కర్లేదు."

వరండాలో తుపాకాయన బెంచీ మీద గుడ్డ పరిచి తుపాకీ భాగాలు తుడుస్తున్నాడు. అరవై దగ్గర పడ్డ సన్నటి మనిషి. వచ్చినప్పటి నుంచి టీ అడగడానికి తప్ప నోరు తెరవలేదు. రెండింటికి బయలుదేరి, ఏనుగులు మట్టి నాకడానికి వచ్చే ఉప్పునేల దగ్గర ఒంటిదంతం కోసం కాచుకోవాలని అతని లెక్క. ఇప్పుడు తలెత్తకుండానే అన్నాడు:

"నేను గుర్తు చూసి కొట్టేవాణ్ణి. గుర్తే తప్పయితే చెయ్యి ఎంత నిలకడగా ఉండి ఏం లాభం? పదమ్మా, రెండింటిలోపల వచ్చేద్దాం."

వెనక కంచె తీగ ఎత్తి ఇద్దరూ దూరిపోయారు.

చేను దాటి అడవిలోకి పోయిన దారి గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఏనుగు నడుస్తూ తినదు, తింటూ నడుస్తుంది. రోజులో ముప్పాతిక వంతు దానికి మేతే. కానీ ఈ దారి ఆమెకు కొత్తగా ఉంది. మామూలు మగ ఏనుగైతే దంతంతో చెట్టు బెరడు చీరి నిలువునా లాగి నమిలేస్తుంది, వెదురు గుబురును మొదలంటా విరిచి పిప్పి చేస్తుంది. ఇక్కడ బెరడు ఒలిచి కింద వదిలేసి ఉంది. మేడిమొక్కను వేళ్లతో సహా పీకి, చిగుళ్లు మాత్రం తుంచుకుంది. నాలుగడుగులకొకటి, పిడికెడు వెదురు పీచు ముద్ద, నోట్లో తిప్పితిప్పి ఉమ్మేసినది. ఆమె ఒకటి తీసి వాసన చూసి మొహం తిప్పుకుంది.

"ఏంటమ్మా?"

"చీము. నోట్లో ఎక్కడో కుళ్లింది."

"కోపం అక్కణ్ణించేనేమో."

"కోపమో ఆకలో, రెండూ ఒకటే అయిపోయుంటాయి."

నేల పల్లానికి దిగింది. ముందు బురదమడుగు, తలెత్తు రెల్లు. మెత్తటి మేత ఉండే చోటు. పళ్లు పోయిన ముసలివన్నీ చివరికి ఇక్కడికే చేరతాయి. రెల్లు మొదళ్లు పీకి, మట్టి పోయేలా కాలికేసి దులుపుకున్న గుర్తులు ఉన్నాయి. ఆ పక్కనే అయిదు ముద్దలు. ఆమె ఒకదాన్ని విరిచి మధ్యలోకి చెయ్యి దూర్చింది. లోపల ఇంకా కాలుతోంది.

"అన్నా, ఇది ఇక్కడే ఉంది," అంది గొంతు తగ్గించి.

"కానివ్వు, త్వరగా."

ఆమె రెండు ముద్దలు సంచిలోకి ఎత్తి భుజాన వేసుకుంది. మూడోదానికి వంగినప్పుడు రెల్లు విడిపోయింది.

పెద్ద ఏనుగు. కణతలు లోపలికి గుంటలు పడ్డాయి, వెన్నెముక కప్పు దూలంలా పైకి తేలింది. కుడి చెవి అంచు నుంచి నడిమి దాకా చిరిగి వేలాడుతోంది. చింపిచెవోడు! మనిషి వాసన తగిలితే మడుగులోకి తప్పుకుపోయే సాధుజీవి అని ఆమే పదేళ్లుగా రాస్తూ వచ్చింది. దాని రెండు దంతాల్లో ఒకదాని మీద గోధుమరంగు మరక ఎండిపోయి ఉంది. అది ఎవరి నెత్తురో ఆమెకు తెలిసిపోయింది.

ఏనుగు ఆలోచించుకోలేదు. తొండం లోపలికి ముడుచుకుని తల దించి వచ్చేసింది. ఆమె పక్కనున్న చెట్టు వెనక్కి దూకింది. చెట్టు మొదలు ఆమె నడుమంత లావు. మొదటి దెబ్బకి పై కొమ్మల్లోంచి పుల్లలు రాలాయి. రెండో దెబ్బకి దంతం బెరడును చీల్చుకుంటూ ఈ పక్కకి వచ్చి, చెట్టును పట్టుకున్న ఆమె ఎడమచేతిని మానుకేసి నొక్కింది. రెండు వేళ్లు పుల్లల్లా విరిగిన చప్పుడు ఆమెకు వినిపించింది. నొప్పి తరువాత వచ్చింది. తొండం చెట్టును చుట్టుకుని వచ్చి ఆమె భుజం మీది పైగుడ్డను లాక్కుపోయింది.

తుపాకీ పేలింది. ఏనుగు కాళ్ల ముందు బురద లేచి దాని మొహాన కొట్టింది. అది వెనక్కి తగ్గింది, కానీ పారిపోలేదు. పైగుడ్డను కిందేసి ముందు కాలితో తొక్కింది. మోకాలు వంచి అదిమింది. దంతంతో పొడిచింది. మళ్లీ తొక్కింది. నిన్న తమ్ముణ్ణి ఎలా చేసిందో ఆమె కళ్లముందే ఆడి చూపించినట్టు, గుడ్డ బురదలో కనిపించకుండా పోయేదాకా తొక్కింది. ఆ తరువాత, ఏమీ జరగనట్టు వెనక్కి తిరిగి, రెల్లు పీకి కాలికేసి దులుపుకుని నోట్లో పెట్టుకుంది.

ఇద్దరూ పాకుతూ గట్టెక్కారు. చెట్ల మధ్యకి వచ్చాక ఆమె అడిగింది. "కొట్టేయకపోయావా అన్నా? ఎదురుగానే ఉంది కదా!"

"కాగితంలో ఒంటిదంతం అని ఉందమ్మా. దీనికి రెండున్నాయి." అతను తన జేబురుమాలుతో ఆమె విరిగిన వేళ్లను పక్క వేలుకి చేర్చి కట్టాడు. "కాగితం లేకుండా కొడితే నాకూ దొంగవేటగాడికీ తేడా ఏముంది? నువ్వు కాగితం మార్పించు. మిగతాది నాకొదిలెయ్."

వెనక కంచె దగ్గర జనం కాచుకుని ఉన్నారు. ఎవరో చూసి చెప్పినట్టున్నారు. అందరికీ ముందు మరదలి అన్న, ట్రాక్టర్ నడిపే మనిషి, ట్రాక్టర్ తాలూకు ఇనుప రాడ్డే చేతిలో ఉంది.

"ఏమే పేడమ్మా! తమ్ముడి నెత్తురింకా ఆరలేదు, ఏనుగుని కాపాడ్డానికి పోయావా? ఏం పెట్టింది నీకది? పేడ తప్ప ఇంకేమన్నా పెట్టిందా?"

"బావా, అడ్డులే. పనుంది."

రాడ్డు భుజం మీద పడింది. ఆమె మోకాళ్ల మీద కూలింది, కాని సంచి నేలకి తగలనివ్వలేదు. రెండోసారి రాడ్డు లేచేసరికి తుపాకాయన తుపాకీ మడమతో అతని కడుపులో పొడిచాడు. ట్రాక్టరాయన రెండుగా వంగిపోయాడు. వెనక నుంచి రాళ్లు వచ్చాయి. ఒకటి తుపాకాయన చెవి కోసుకుపోయింది. ఇంకొకటి ఎవరిదో సొంత మనిషికే తగిలి కేక పుట్టింది.

"ఆగండి!"

మరదలు. నిన్నటి నుంచి కట్టుబట్టతోనే ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు గీతల్లా అయ్యాయి. అందర్నీ తోసుకుని వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది.

"నిన్న నువ్వే కదా ఒంటిదంతం అన్నావు వదినా? ఈ రోజు కాదంటావా? నా మొగుడి చావు నీకు పూటకో మాటా?"

"నిన్న కళ్లతో చూడకుండా నోటితో చెప్పాను. తప్పు నాదే. ఈ రోజు నా నోరు వద్దు, నీ కళ్లతో నువ్వే చూడు." ఆమె కట్టిన చేతిని చూపించింది. "నాకు ఒంటిచేత్తో కాదు. లోపలికొచ్చి నీళ్లు పొయ్యి."

మరదలు ఆ చేతిని, సంచిని చూసింది. సంచి అందుకుంది.

షెడ్డులో ఆమె చెబుతుంటే మరదలు చేసింది. "పిసక్కు. చీల్చి వదిలెయ్. ఆగు. ఇంకా ఆగు. ఇప్పుడు పొయ్యి, సన్నగా, ధారలాగా." జల్లెడ మీద ఆకుపచ్చ నురగ దిగిపోయింది. పొడుగు పీచు తేలింది, నిన్నటిలాగే వేలెడంత. దాని మధ్యలోంచి ఒక్కొక్కటీ బయటపడ్డాయి, నెత్తురు రంగు మొక్కజొన్న గింజలు. పగలనివి. చెక్కు చెదరనివి.

మరదలు చెంబు పక్కన పెట్టి ఒక గింజను వేళ్లతో తీసింది.

ఆ అంచున అందరూ వేసేది పసుపు రకమే. ఈసారి ఎర్ర గింజ వేద్దామని పట్టుబట్టింది మరదలే. దూరపు సంతలో కొని, ప్రతి గింజనూ చేత్తో నాటింది. ఊళ్లో ఇంకెవరి చేలోనూ అది లేదు.

"ఇవి నావే," అంది. తరువాత గొంతు పగిలి అరిచింది, "ఇవి నావే వదినా!"

జల్లెడను అలాగే ఎత్తుకుని, పచ్చనీళ్లు చీర మీద కారుతుంటే, బయటికి నడిచింది. అన్న ముందు పెట్టింది. అతను గింజల్ని చూశాడు. ఒకటి తీసి గోటితో నొక్కి చూశాడు. రాడ్డు వదల్లేదు. కాని దారి వదిలాడు.

కొత్త ఉత్తర్వుకి గంటన్నర పట్టింది. రేంజరు ఫోన్లో అరిచిన అరుపులు గేటు దాకా వినిపించాయి. కాగితంలో చిరిగిన కుడి చెవి, రెండు దంతాలు, ఎముకలు తేలిన వెన్ను అని ఆమె చెప్పిన గుర్తులే రాశారు. మూడున్నరకి తుపాకాయన చెవికి పట్టీ వేయించుకుని వెళ్లాడు. ఎండ తగ్గుముఖం పట్టే వేళకి మడుగు వైపు నుంచి ఒక పేలుడు. కాసేపటికి ఇంకొకటి. షెడ్డులో ఆమె వేళ్లకి పుల్ల కడుతున్న డాక్టరు ఆగిపోయాడు. "కట్టండి," అంది ఆమె.

మర్నాడు పొద్దున్నే మడుగు గట్టున కోత. అలాంటి పని ఆమెకు కొత్త కాదు గాని ఇంత కష్టంగా ఎన్నడూ లేదు. గొడ్డళ్లతో పక్కటెముకలు నరికారు. నలుగురు మగవాళ్లు చర్మాన్ని తాళ్లతో లాగిపట్టారు. కడుపు కోయగానే ఆవిరి, పులిసిన గడ్డి కంపు ఎగదన్నాయి. ఒకతను పక్కకి పోయి వాంతి చేసుకున్నాడు.

"నువ్వు కూర్చో అక్కా," అన్నాడు రేంజరు. "చంపిందేదో తేలిపోయింది కదా. ఈ కోత రిపోర్టు కాగితం నింపకపోయినా పర్లేదు."

"కడుపు గడి ఖాళీగా పెడితే రేపు ఇంకొకడు వచ్చి తోచింది రాస్తాడు సార్. నేను మొన్న అదే చేశాను."

కుడిచేత్తో తోడి జల్లెడలో వేసింది. రెల్లు మొదళ్లు, బురద, నలగని వెదురు ఆకులు, గుప్పెడు గులకరాళ్లు. కడుపు నిండుగానే ఉంది. కాని పేగుల చుట్టూ గోరంత కొవ్వు లేదు. దవడ కోసి విప్పితే పై వరసలో మిగిలిన పన్ను కాస్త పలకలా నున్నగా ఉంది, దాని మొదట్లో పిడికిలి పట్టేంత చీముగుంట. దాని తల ఆమె మోకాళ్లకి ఆనుకునే ఉంది. తమ్ముణ్ణి నొక్కిన నుదురు అదే. ఆమె దాన్ని తిట్టలేదు, నిమరలేదు. కత్తి అడిగి పన్ను చుట్టూ కోసింది.

గట్టు మీద నిలబడ్డ మరదలు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అడిగింది. "అంత తిని కూడా ఆకలేనా దానికి?"

"ఊఁ. నలగందే ఒంటికి పట్టదు కదా."

"చావాల్సింది ముందే చచ్చిపోయుంటే బాగుండేది."

"బాగుండేది," అంది ఆమె.

జల్లెడలో నిలిచినవాటిని నాలుగు సీసాలకెత్తి, పన్నును నీళ్లలో కడిగి, ఆరబెట్టి, చీటీ కట్టింది. కాగితాన్ని అట్ట మీద పెట్టుకుని ఒక్కో గడీ నింపింది. రెల్లు, ఎక్కువ. వెదురు, కొంచెం, నలగలేదు. బెరడు, లేదు. పండ్లు, లేవు. మట్టి, రాళ్లు, ఉన్నాయి. పన్ను, ఆరోది, అరిగింది, కుళ్లింది. వయసు దగ్గర కాస్త ఆగి రాసింది. కింద తన పేరు పెట్టింది. రాసినదంతా మొదటి నుంచి ఒకసారి చదువుకుంది.

"ఇదిగోండి సార్. కాగితం ఒకటి, పన్ను ఒకటి, సీసాలు నాలుగు. చూసుకుని సంతకం పెట్టండి."

రేంజరు చూసుకుని సంతకం పెట్టి, సీసాలున్న పెట్టెను రెండు చేతులా అందుకున్నాడు.